ఎవరి తోడు?

గొట్టం వెయ్యడం మీకు వచ్చు. వేసి ఇంటికి పంపెయ్యడం ఇంకా బాగా వచ్చు. ఆ గొట్టంలో పాలు ఎలా పొయ్యాలో పెళ్ళానికి ఎవరు చెప్పారయ్యా, పెద్ద డాక్టర్లూ, ఆస్పత్రి యజమానులూ?

ఎవరూ చెప్పలేదు.

నోటి క్యాన్సర్‌తో గుటక వెయ్యలేని టైలర్‌కి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పంపేశారు. భార్య ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి పాలు పోసింది. అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. కళ్ళు తేలేసిన మనిషిని మోసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

“పడుకోబెట్టి పోశావా? బుద్ధుందా నీకు?” అని అరిచింది సిస్టర్.

“ఎలా పొయ్యాలో మీరు చెప్తేగా!”

“ఒక్కొక్కరికీ పాఠాలు చెప్తూ కూర్చుంటే వార్డెవరు చూస్తారమ్మా?”

టైలర్ బతికాడు. మళ్ళీ ఇంటికి పంపుతామన్నారు. ఈసారి తన చేతుల్లోనే పోతాడని భార్యకి భయం పట్టుకుంది. వార్డు బయట, రోగుల తాలూకు వాళ్ళుండే హాల్లో, మూలకి కూర్చుని ఏడ్చింది.

“ఏడుపు తరవాత. ముందు సిరంజి పట్టుకో.”

తలెత్తి చూసింది. ఉక్కపోతలో కూడా శాలువా కప్పుకున్న ఆవిడ. హాల్లో అందరూ ట్యూషన్ పిన్ని అంటారు. ఎప్పుడు చూసినా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నేర్పుతూనే ఉంటుంది.

“గొట్టం మీద గీత ముక్కు దగ్గరే ఉందా? చూసుకో. జారితే చుక్క కూడా పొయ్యకు, ఇక్కడికి తీసుకురా. ఆయన్ని కూర్చోబెట్టు. సిరంజి వెనక పుల్ల తీసెయ్. నొక్కకు. పాలు వాటంతటవే దిగాలి.”

“దిగకపోతే పిన్నీ?”

“దిగుతాయి. నీకే తొందర, వాటికేం తొందర? అయ్యాక నీళ్ళు పోసి గొట్టం కడుగు. వెంటనే పడుకోబెట్టావో, మళ్ళీ నా మొహం చూడాలి.”

తరవాత హాల్లో బల్ల మీద పిన్ని తనే పడుకుంది.

“ఇప్పుడు నేనే మీ ఆయన్ని. పక్కకి తిప్పు.”

టైలర్ భార్య చెయ్యి పట్టి లాగింది.

“అబ్బా!” ఆవిడ పళ్ళు బిగించింది. “చెయ్యి లాగొద్దు తల్లీ. మోకాలు మడువు. భుజం వెనక ఒక చెయ్యి, తుంటి మీద ఇంకోటి. ఆ... అలా. మీ ఆయన నాకంటే బరువా?”

“మీలో సగం లేడు పిన్నీ.”

“చూశారా, పాఠం చెప్తే నన్ను లావంటోంది!”

హాలంతా నవ్వింది.

“ఇవన్నీ మీకెవరు నేర్పారు?” అని అడిగింది టైలర్ భార్య.

“మా అక్క. తప్పులన్నీ దాని మీదే చేశా. అది పోయాక వచ్చింది తెలివి.” ఆవిడ లేచి శాలువా సర్దుకుంది. “అమ్మాయ్... నిన్నొక మాట అడగనా?”

ఇంతలో ఆస్పత్రి సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డాడు.

“ఒక పేషెంటుకి ఒక తోడు. అది రూలు. మీరు ఎవరి తోడు?”

ఆవిడ శాలువా ఇంకా దగ్గరికి లాక్కుంది.

“మీ పేషెంటు ఏ వార్డు?”

ఆవిడ బల్ల మీది సిరంజి తీసి టైలర్ భార్య చేతిలో పెట్టింది.

“ఈవిడ మీలో ఎవరి మనిషండీ?” అని హాలు మొత్తాన్ని అడిగాడు.

ఆవిడ దగ్గర నోరు కడగడం నేర్చుకున్న ఒక కొడుకు ఫోన్ చూసుకున్నాడు. పుండుకి కట్టు కట్టడం నేర్చుకున్న ఒక కోడలు గోడ చూసింది. ‘మా పిన్ని’ అనడానికి టైలర్ భార్య నోరు తెరిచింది. అంటే తనని కూడా గెంటేస్తారేమో! నోరు మూసుకుంది.

ఆవిడ ఒక్కొక్కరి మొహం చూసింది. చివరికి టైలర్ భార్య మొహం చూసింది.

“నీళ్ళు మరిచిపోకు,” అని వెళ్ళిపోయింది.

వానాకాలం పోయింది. తరవాతి విడత మందుకి టైలర్ తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు.

“తేరుకున్నాడే! బాగా చూసుకున్నావు. ఎవరు నేర్పారు?” అంది సిస్టర్.

“మీరు బయటికి తోసిన ఆవిడ. మేమందరం చూస్తూ కూర్చున్నాంగా, ఆ ట్యూషన్ పిన్ని. ఇంతకీ ఎవరి తోడు సిస్టర్?”

సిస్టర్ చేతిలో పని ఆగింది.

“ఎవరి తోడూ కాదమ్మా. మొన్నామధ్య చూపించుకోవడానికి వస్తే తెలిసింది. రొమ్ములో గడ్డ. అప్పట్లోనే ఆపరేషన్ రాశారట. తోడు మనిషి లేకుండా చేర్చుకోరుగా. నాకెవరూ లేరందట. ఎవరినైనా తెచ్చుకోమని కౌంటర్లో పంపేశారు.”

“అయితే ఇప్పుడు చేర్చుకోండి. తోడు నేనుంటా.”

“ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఇప్పుడు ఇంట్లో మంచం పట్టిందట.”

టైలర్ భార్య గొంతు వార్డు దాటి వినపడింది.

“మేం మొహాలు తిప్పుకున్నాం, నిజమే. మరి మీరు? తోడు ఉండాలని రూలు పెట్టారు. తోడుకి పని నేర్పాలని రూలు పెట్టలేదేం? ఎవరూ లేనివాళ్ళకి తోడు మీరే ఇవ్వాలని పెట్టలేదేం? ఆ పాఠం ఇకనుంచి మీరు చెప్పండి, రోజూ, ఆ హాల్లోనే. చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలను.”

“అరవకు. నన్నేం చెయ్యమంటావు?”

“ముందు ఫోన్ తీసి ఆవిడకి కలపండి. పక్కకి తిప్పడం నాకొచ్చు, నోరు తడపడం వచ్చు. మా హాల్లో కూర్చుని ఆవిడ అప్పట్లో వెతుక్కున్న తోడు ఇప్పటికి దొరికిందని చెప్పండి.”