మడమ రేకు కింద చీటీ

"రేపు నువ్వు ఆ కొండ ఎక్కడానికి వీల్లేదు," అంది ఆర్వెల్లా, పొయ్యి మీద చిక్కుడు గింజలు కలుపుతూ.

"ఎక్కుతాను," అన్నాడు ఆమె భర్త డెన్‌జిల్.

"డెబ్బై మూడేళ్ళు. గుండెలో రెండు స్టెంట్లు. పైగా ఒంటరిగా!"

"నా వయసు జింకలకి తెలీదులే ఆర్వీ."

వంటింటి బల్ల దగ్గర కూర్చున్న అతని వేట స్నేహితులు హోబర్ట్, ఎల్డన్ గొల్లున నవ్వారు. ఆర్వెల్లా నవ్వలేదు. గుమ్మం దాటిన మనిషి వెనక్కి వచ్చేదాకా ఆమెకి నమ్మకం ఉండదు.

సోమవారం తెల్లవారితే జింకల వేట మొదలు. ముందురోజు చర్చి నుంచి రాగానే, ఆ ఏడాది కొన్న తుపాకులు తెచ్చి ఈ బల్ల మీద పెట్టడం ముగ్గురికీ ముప్ఫై ఏళ్ళ అలవాటు. పెట్టేముందు తుపాకి తెరిచి, లోపల తూటా లేదని చిటికెన వేలు దూర్చి చూపించాలి. చేతులు మారినప్పుడల్లా మళ్ళీ వేలు దూర్చాలి.

హోబర్ట్ తుపాకికి మోచేయంత దుర్బిణి ఉంది. "దీంతో చూస్తే జింక కంట్లో నలుసు కూడా కనిపిస్తుందిరా!"

"కనిపిస్తుంది సరే, తగులుతుందా? పోయినేడు నువ్వు కొట్టింది నా ట్రక్కు అద్దాన్నే," అన్నాడు ఎల్డన్. అతను తెచ్చింది జంట గొట్టాల తుపాకి. అది ఇంట్లోకి వచ్చిన సంగతి అతని భార్యకి ఇంకా తెలీదు.

ఆఖరున డెన్‌జిల్ తన తుపాకిని దుప్పట్లోంచి తీశాడు. తొంభై ఏళ్ళకు తక్కువ ఉండదు. ఎన్ని చెంపలు ఆనాయో, కర్ర ఒకచోట అద్దంలా నునుపు తేలింది. "సంతలో కొన్నాను. అమ్మినవాడికే తెలీదు ఇది ఎవరిదో."

"అయితే రేకు విప్పు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పాత తుపాకి కొంటే ముందు చేసే పని అదే. భుజానికి ఆనించే మడమకి రెండు మరలతో ఇనుప రేకు ఉంటుంది. దాని వెనక కర్రలో ఒక బొక్క తొలిచి ఉంటుంది. పాతకాలం వేటగాళ్ళు అందులో ఏదో ఒకటి దాచేవారు. ఒకసారి పేరు రాసిన కాగితం దొరికింది. ఇంకోసారి ఎవరి బిడ్డదో పాలపన్ను. ఆ ముచ్చట స్నేహితుల ముందే తీర్చుకోవాలని డెన్‌జిల్ ఇంతవరకు రేకు ముట్టుకోలేదు.

ఆర్వెల్లా ముట్టుకుంది. గురువారం అతను క్షవరానికి వెళ్ళినప్పుడు, పాత ప్రార్థన పుస్తకంలోంచి ఖాళీ పేజీ చింపి, ఎడమచేత్తో నాలుగు ముక్కలు రాసింది. పాతదిలా కనిపించాలని కాఫీలో ముంచి ఓవెన్‌లో ఆరబెట్టింది. చుట్టచుట్టి బొక్కలోకి తోసి, మరలు బిగించింది. ఆ బొక్క ఎంత లోతో చూడలేదు.

హోబర్ట్ మరలు విప్పాడు. చీటీ బయటికి లాగి చదివాడు. "ఈ తుపాకి పట్టుకుని కొండకి వెళ్ళిన నా భర్త తిరిగి రాలేదు. దీన్ని కొన్న అయ్యా, నీ ఇల్లాలి మీద దయ ఉంచి దీనితో కొండ ఎక్కకు."

ఎల్డన్ తుపాకి మీదనుంచి చెయ్యి తీసేశాడు. ఆర్వెల్లా గింజలు కలుపుతూనే ఓరకంట చూసింది.

డెన్‌జిల్ చీటీ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని మీసం కింద నవ్వు కదిలింది. కాఫీలో దాల్చినచెక్క పొడి వేసే ఇల్లు ఆ లోయలో ఒక్కటే ఉంది. చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పాపం, ఎవరో పిచ్చితల్లి," అన్నాడు భార్య వైపు చూస్తూ. "రేపు ఐదింటికల్లా బయలుదేరతాను."

"ఆగరా," అన్నాడు హోబర్ట్, బొక్కలోకి టార్చి వేసి. "అడుగున ఇంకోటి ఉంది."

ఆర్వెల్లా చేతిలో గరిటె ఆగింది. తను పెట్టింది ఒక్కటే.

హోబర్ట్ తీగ వంచి దాన్ని మెల్లగా పైకి లాగాడు. పసుపుపచ్చని కాగితం, మడతల దగ్గర పెళుసుగా ఉంది. "ఇదీ ఆడమనిషి రాతే. పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు అని ఉంది." గొంతు సవరించుకుని చదివాడు.

"ఆయన్ని ఆపాలని ఒక అబద్ధపు చీటీ రాసి ఇందులో పెట్టాను. చదివి నవ్వాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కొండెక్కాడు. మంచు కరిగాక తుపాకి దొరికింది. చొక్కా దొరికింది. జేబులో నా చీటీ అలాగే ఉంది. ఆయన దొరకలేదు."

ఆర్వెల్లా బల్ల దగ్గరికి పరుగున వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. "డెన్‌జిల్, దేవుడి మీద ఒట్టు! ఇది నేను రాయలేదు!"

"ఓహో! అయితే ఆ మొదటిది నువ్వే రాశావన్నమాట!" అన్నాడు డెన్‌జిల్.

ముగ్గురు మగవాళ్ళూ బల్ల మీద చరుస్తూ నవ్వారు. "బాగా దొరికిపోయావు వదినా!" అన్నాడు ఎల్డన్, కళ్ళు తుడుచుకుంటూ.

"కాదు. విను. ఆ కాగితం ముట్టుకుని చూడు. వాసన చూడు..."

"ఈసారి కాఫీ కూడా తగ్గించావు. మొదటిదానికన్నా ఇదే బాగా కుదిరింది ఆర్వీ," అని డెన్‌జిల్ దాన్ని కూడా మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.