ద్రాక్షతీగల రెయిలింగు

1964 ఆగస్టు పదహారు, ఆదివారం. ఆ పొద్దున తీతు ఆవనూనె కలిపిన మరమరాలు, ఒక పచ్చిమిరపకాయ తిన్నాడు. లోపలి గదిలో కూతురు సుజాతకు బార్లీ జావ తాగించి, మూతి తుడిచి, పాత ఇనుము అమ్మే పెరట్లోకి వచ్చాడు. రైలు గార్డు సుందర్ రాజు అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని రెయిలింగు ముక్కలను తడిమి చూస్తున్నాడు.

"ఇది అదే అచ్చు మావా. ద్రాక్షతీగ, ఆకు, గుత్తి. మరి పోయిన నెల అడిగితే లేదన్నావు?"

"అమ్మకానికి లేదన్నాను."

సుందర్ రాజు ఆద్రా జంక్షన్ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. ఊళ్లో ఖరిదా పేటలో ఇల్లు కట్టుకుంటున్నాడు. కింది వరండా రెయిలింగు తీతు దగ్గరే కొన్నాడు. మేడ మీదికి అదే రకం దొరక్కపోతే ఉన్నది కూడా పీకించి సిమెంటు జాలీ పెట్టించమని అతని భార్య పట్టుబట్టి కూర్చుంది.

తీతు భీమిలి దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో ఈ రైల్వే ఊరికి వచ్చి వర్క్‌షాపులో సమ్మెట కొట్టాడు. దొరల పాత బంగళాలు కూల్చినప్పుడల్లా ఇనుము కొని అమ్మడం మొదలుపెట్టి, అది బాగుందని ఉద్యోగం వదిలేశాడు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పోతపోసి ఓడల మీద తెచ్చిన స్తంభాలు, మెలికల మెట్లు, రెయిలింగులు. ఖరిదాలో ఇల్లు కట్టే ప్రతివాడికీ దొరల ఇంటి ముక్క ఒకటి కావలసిన రోజులవి. పెరట్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. తర్వాత కాంక్రీటు వచ్చింది. కొత్త ఇనుము అమ్మాలంటే పర్మిట్టు కావాలి, అది అతనికి ఎవరూ ఇవ్వలేదు. పెరట్లో గడ్డి మొలిచింది. సుజాత ఊపిరితిత్తులు చెడ్డాక ఇంకొకటి తెలిసింది, రైలు పని వదిలినవాడి బిడ్డకు రైల్వే ఆసుపత్రిలో మంచం ఉండదని. సూదిమందు బజార్లో కొనాలి. ఇప్పటికే ఆలస్యమైంది.

బండి లాగే ఆమోసు గోడవారన నిలబడి ఉన్నాడు. గిరాకీ వచ్చినా మొహం అలా పెట్టావేమిటని సుందర్ రాజు వేళాకోళం చేశాడు. ఆమోసు అతని వైపు చూడలేదు.

"అన్నా, ఇంకోపాలి ఆలోసించు," అన్నాడు తీతుతో.

"ఎత్తు."

సుందర్ రాజు నవ్వాడు. "మీ ఇద్దరి నాటకం బాగుంది. ఎన్ని ఆడినా నేను రేటు పెంచను."

అప్పుడే రెయిలింగు అడుగు చూశాడు. తడి ఎర్రమట్టి ఇంకా అంటుకుని ఉంది.

"ఎవరి తోటలోదేటి మావా?"

"పూలు ఉండేవి," అన్నాడు తీతు.

"తెలిసింది. ట్రాఫిక్ కాలనీలో మెమ్‌సాబ్‌లందరూ ఆస్ట్రేలియా పోతన్నారు గదా. ఎవరో అమ్ముకున్నాది. రేపు ఎనక్కొచ్చి నాది నాకిమ్మంటే?"

"అడగదు."

"అంత నమ్మకమా?"

తీతు ఆ మట్టిని బొటనవేలితో తుడిచాడు. "ఆ మడిసి నన్ను ఎప్పుడూ ఏటీ అడగలేదు బాబూ."

లోపల దగ్గు మొదలైంది. చాలాసేపు ఆగలేదు. సుందర్ రాజు బేరం మళ్లీ ఎత్తలేదు. తీతు అడిగినంతా ఇచ్చి, చొక్కా మాసిపోతున్నా ఆఖరి ముక్క తనే ఎత్తి బండి మీద పెట్టాడు. బండి మలుపు తిరిగేదాకా తీతు పెరట్లోనే నిలబడ్డాడు.

సాయంత్రం కంపౌండర్ కృపారావు వచ్చాడు. వానకు చల్లబడిన మందు సీసాను కాసేపు గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబరిచాకే సుజాతకు సూది వేశాడు. బయటికి వచ్చాక గొంతు తగ్గించాడు.

"రెండు పక్కలా పోయినాది బాబాయ్. ఏస్తన్నాం గానీ, ఆశ పెట్టుకోకు."

"ఎయ్యి. రేపూ రా."

తీతు లోపలికి వెళ్లి దుప్పటి సర్దాడు. సుజాత కళ్లు తెరిచింది.

"ఏటి అమ్మినావు నాన్నా?"

"పాత సరుకు."

"అమ్మడానికి ఇంకా ఏటన్నా మిగిలిందా?"

"లేదమ్మా. అదే ఆఖరు."

ఆమె నిద్రపోయింది. చప్పుడైతే లేస్తుందని తీతు తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని నెమ్మదిగా మూశాడు.

నిన్నటిదాకా ఆ రెయిలింగు సుజాత తల్లి సమాధి చుట్టూ ఉంది.