ఏడో వరసలో గడ్డి

గడ్డి కోసే బండి ఇంజన్ అంటుకుంది. లైల్ ఊపిరి బిగబట్టి మనసులో అంకెలు లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం.

టైము ఎనిమిదిన్నర. పదకొండింటికి చర్చిలో ప్రార్థన, ఆ వెంటనే ఖననం. చర్చి పక్క సమాధుల తోటలో, ఏడో వరసలో, నిన్న పక్క ఊరివాళ్లొచ్చి తవ్వి వెళ్లిన గొయ్యి చుట్టూ గడ్డి మోకాలెత్తున ఉంది.

పందొమ్మిదేళ్లుగా ఆ తోటలో గడ్డి కోసేది లైల్ ఓస్బీయే. ఎక్కి కూర్చుని నడిపే ఈ కోత బండిని కొన్నదీ అతను చెప్పాకే. కానీ ఆరు వారాలుగా అతను ఇటు రాలేదు. షెడ్డులో పడున్న బండి టాంకులో పెట్రోలు పాతబడింది. వానలకి చెమ్మ దిగింది. ఆ మురికంతా కార్బురేటర్లో చేరి కూర్చుంది.

గడ్డి నాలుగంగుళాలు దాటితే ఊరుకునే మనిషి కాదు ఆర్డిత్ మోన్సన్. తోట కమిటీకి పెద్ద. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో కూడా హ్యాండ్‌బ్యాగులో స్కేలు పెట్టుకుని తిరుగుతుంది. మే నెలలో ఒక సమాధి రాయి వెనక రెండు పోచలు వదిలేశాడని లైల్‌ని అందరి ముందూ కడిగేసింది.

లైల్ మళ్లీ రెండు నట్లు విప్పాడు. స్ప్రింగులు ఏ కన్నంలో తగిలున్నాయో చూసుకుని ఊడదీశాడు. కార్బురేటర్ కింది గిన్నె తెరిచి, అడుగున మిగిలిన పచ్చటి జిగురు గీకాడు. వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి, పెట్రోలు పారే సన్నటి జెట్టులో దూర్చాడు. వెలుతురుకి ఎత్తి చూస్తే కన్నంలోంచి సూదిమొనంత ఆకాశం కనిపించింది.

బిగించాడు. తాళం తిప్పాడు. అంటుకుంది. ఆరిపోయింది.

పాస్టర్ కర్స్టెన్ కాఫీ పట్టుకొచ్చింది. ఈ ఊరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

"లైల్ గారూ, ఇక వదిలెయ్యండి. పక్క పొలం టోర్‌వాల్డ్ వాళ్ల కోత బండి తెప్పిస్తాను. ఇరవై నిమిషాల పని."

"వద్దమ్మా."

"ఎవరు కోస్తే ఏమిటండీ?"

"ఇన్నేళ్లు నేను కోశాను. ఇవాళ ఇంకొకడి చేత కోయించనా?"

"ఇవాళ గడ్డి సంగతి ఎవరు చూస్తారండీ!"

"ఆవిడ చూస్తుంది."

పాస్టర్ ఒకసారి గొయ్యి వైపు చూసింది. కాఫీ కప్పు బండి సీటు మీద పెట్టింది.

"పోనీ ఇంటికెళ్లి స్నానం చేసి రండి. టైముంది."

"ఇంటికెళ్లి ఏం చెయ్యను?" అని లైల్ మళ్లీ వంగాడు.

ఈసారి గిన్నె రబ్బరు రింగు పెట్రోలుకి ఉబ్బి గాడిలో కూర్చోనంది. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క పైకి లేస్తోంది. కొత్తది కావాలంటే నలభై మైళ్లు పోవాలి. రింగుని ఎండలో పెట్టి ఆరేదాకా దాని పక్కనే కూర్చున్నాడు.

ట్రాక్టరు కానీ, మంచు తోసే బండి కానీ, ఊళ్లో ఏది ఆగినా లైల్ దగ్గరికే తెచ్చేవాళ్లు. మోత విని రోగం చెప్పేవాడు. ఈ ఆరు వారాల్లో మాత్రం ఆ చేతులు ఎందుకూ కొరగాలేదు.

"ఇదొక్కటైనా బాగుపడాలి," అన్నాడు పైకే. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

పది దాటాక ఆర్డిత్ కారు కంకర రోడ్డు మీద వచ్చి ఆగింది. నల్ల గౌను, నల్ల టోపీ.

"ఏమయ్యా లైల్, ఇంకా కాలేదా?"

"ఇంకో పావుగంట."

"పొద్దున్నించీ అదే పావుగంటలా ఉందే!"

ఆవిడ గుడ్డ మీద పరిచిన ముక్కల్ని చూసింది. తర్వాత ఏడో వరస వైపు చూసింది. లైల్ తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు.

ఆర్డిత్ కారు డిక్కీ తెరిచి, పూలమొక్కలు కత్తిరించే పెద్ద కత్తెర తీసింది. గొయ్యి పక్కకి వెళ్లి, గౌనుతోనే మోకాళ్ల మీద కూర్చుంది.

"గౌను పాడవుతుంది ఆర్డిత్!"

"ఉతుక్కుంటాలే. ఎటునుంచి మొదలుపెట్టమంటావో చెప్పు."

పందొమ్మిదేళ్లలో ఆవిడ అతన్ని సలహా అడగడం ఇదే మొదటిసారి.

"తల వైపు నుంచి," అన్నాడు లైల్.

ఇంకో కారు వచ్చింది. ఆ వెనక రెండు పికప్ ట్రక్కులు. ఆర్డిత్‌ని చూసి మగవాళ్లు కోట్లు విప్పి కంచెకి తగిలించారు. ఒకడి దగ్గర జేబు కత్తి ఉంది. మిగతావాళ్లు చేత్తోనే పీకుతున్నారు. లైల్ ఎవరినీ ఆపలేదు. పెట్రోలు చుక్కలు బూటు మీద పడుతున్నా, చేతిలోని గిన్నె కింద పెట్టడం తోచలేదు.

చివరిసారి బిగించి తాళం తిప్పాడు. ఈసారి అసలు అంటుకోనే లేదు.

బండి దిగాడు. కుళాయి దగ్గర చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాడు. వాసన పోలేదు.

చర్చి గంట మోగింది. అందరూ గడ్డి దులుపుకుని లేచారు. రోడ్డు మలుపులోంచి పొడవాటి నల్ల కారు నెమ్మదిగా లోపలికి వచ్చి ఆగింది.

వెనక తలుపు తెరిచి, పూలు కప్పిన పెట్టెలో లైల్ భార్య మార్లిస్‌ని కిందికి దించారు.