పదహారో ఛానెల్

“ఎవరైనా వింటున్నారా? పడవలోకి నీళ్ళొచ్చేస్తున్నాయి! ఎవరైనా ఉన్నారా?”

పెద్దాయన కంచం పక్కకి నెట్టి మైకు అందుకున్నాడు. “తీర కేంద్రం వింటోంది. కంగారు పడకండి. ఎక్కడున్నారు? ఎంతమంది?”

వంటింట్లో కూతురు నవ్వుకుంది. గాలివానలో కూడా తమ్ముడు మానలేదన్నమాట. మేడగదికి మెట్లు బయటినుంచే కాబట్టి వాడు ఎప్పుడొచ్చిందీ ఆమెకి తెలీదు.

ఇది ఆ ఇంట్లో రోజూ సాగే నాటకమే. పెద్దాయన ఉద్యోగమంతా రేడియో కేంద్రంలో, ఆపదలో ఉన్నవాళ్ళు పిలిచే పదహారో ఛానెల్ వింటూ గడిచింది. ఫోన్లొచ్చాక కేంద్రం మూతపడింది. ఆ తర్వాత ఆయన జ్ఞాపకాలూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. కన్నకూతురి పేరు మరిచిపోయాడు గానీ డ్యూటీ మరవలేదు. ఎవరూ పిలవకపోతే, కేంద్రం నుంచి ఇంటికి తెచ్చుకున్న పాత రేడియో సెట్టు ముందునుంచి లేవడు, ముద్ద ముట్టడు. మనిషి చిక్కి సగమైపోతుంటే చూడలేక తమ్ముడే ఈ ఉపాయం పన్నాడు. మేడమీదనుంచి చేతిసెట్టులో పడవవాడిలా పిలుస్తాడు. నాన్న కాపాడతాడు, కడుపునిండా తిని పడుకుంటాడు. వేరే ఛానెలైతే ఇట్టే పట్టేస్తాడు గనక అదీ పదహారులోనే.

“ఐదుగురం సార్! దీపస్తంభానికి ఇవతల, రాళ్ళ దగ్గర. మోటారు ఆగిపోయింది. పిల్లలున్నారు సార్!” గరగర మధ్య ఆ బొంగురు గొంతు తెగి తెగి వస్తోంది. వెనకాల ఓ పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

కూతురి ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే మండింది కూడా. గొంతు మార్చడంలో వాడిది అందెవేసిన చెయ్యే, కాదనదు. కానీ ఫోన్లోంచి ఈ ఏడుపు రికార్డు పెట్టడం దేనికి? మోటారు ఆగిందంటే చాలదూ? నాన్న గుండె అసలే అంతంతమాత్రం.

“అమ్మాయ్! హార్బరుకి ఫోన్ చెయ్యి. రక్షణ పడవ పంపమను, తొందరగా!”

రోజూ చేసేదే. ఆమె ఏ నంబరూ నొక్కకుండా ఫోన్ చెవికి ఆనించుకుంది. “హార్బరేనాండీ? దీపస్తంభం దగ్గర పడవ మునుగుతోందండీ... ఆ, అలాగే.” నాన్నవైపు తిరిగింది. “బయల్దేరారు నాన్నా.”

“సార్, రాళ్ళు కనిపిస్తున్నాయి. పిల్లల్ని వీపున కట్టుకుని ఈదేయమంటారా? ఇంకాసేపయితే ఆ ఓపికా ఉండదు.”

పెద్దాయన మైకు నొక్కకుండా కూతురి మొహంలోకి చూశాడు. “నిజంగా బయల్దేరారా?”

అలా ఆయన ఏనాడూ అడగలేదు. ఆమెకి ఈ ఆట ముగిస్తే చాలు, ఆ ఏడుపు ఆగితే చాలు అనిపించింది.

“వచ్చేస్తున్నారు నాన్నా. ఒట్టు.”

“ఈదొద్దు,” అన్నాడాయన మైకులో. “రక్షణ పడవ వస్తోంది. ఎవరూ కదలకండి. మీ పడవనే పట్టుకుని ఉండండి.”

“మీ మాట మీదే ఉంటాం సార్.”

కాసేపు గరగర. పసిపిల్ల ఏడుపు మధ్యలో తెగిపోయింది. మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

“అందర్నీ ఎక్కించుకున్నారట నాన్నా,” అందామె గబగబా.

పెద్దాయన కళ్ళు తుడుచుకుని, కంచం దగ్గరికి లాక్కుని ఆవురావురుమంటూ తిన్నాడు. ఎన్నాళ్ళకో కూతుర్ని పేరు పెట్టి పిలిచి మంచినీళ్ళడిగాడు. ఆమెకి ఆనందంతో ఏడుపొచ్చింది. తమ్ముణ్ణి తిడదామనుకున్న తిట్లన్నీ మరిచిపోయింది.

ఇంతలో వీధి తలుపు దబదబా చప్పుడైంది. తీస్తే, తమ్ముడు. నిలువునా తడిసి, జేబులో మేడగది తాళంచెవి తడుముకుంటున్నాడు.

“వంతెన మీద బస్సు ఆగిపోయిందక్కా. పాపం, నాన్న ఇంకా పస్తేనా?” అన్నాడు రొప్పుతూ.

“ఇప్పుడు మొదలెట్టనా?”