మూడో కూత

చలిజ్వరంతో వణికిపోతున్న బాలింత హైమకు వదిన పార్వతి మాత్ర వేయబోయింది. హైమ తల్లి నూకరత్నం కోడలి చెయ్యి పట్టి ఆపింది. ఆవిడ ముప్పయ్యేళ్లు ఆస్పత్రి ల్యాబులో పనిచేసిన మనిషి.

"ఆగమ్మా! ముందు రక్తం, తర్వాతే మందు. మందు పడిందంటే క్రిమి దొరకదు."

రెండు చేతుల నుంచీ రక్తం తీసి, మిక్సీ పక్కనున్న రక్తపరీక్ష పెట్టెలో పోసింది. ఇప్పుడా పెట్టె లేని వంటిల్లు లేదు. పార్వతి కుక్కర్ ఎక్కించింది.

కుక్కర్ మూడో కూత వేసేసరికి పెట్టె క్రిమి పేరు చెప్పి, దానికి సరిపడా మందు సూది బయటికి తోసింది.

నూకరత్నం దాన్ని కళ్లకద్దుకుని కూతురికి పొడిచింది.

"మా రోజుల్లో ఈ పేరు మూడో రోజుక్కానీ తెలిసేది కాదే. కాగితం పట్టుకుని వార్డుకి పరిగెత్తితే, ఒక్కోసారి మంచం ఖాళీగా ఉండేది."

సాయంత్రం హైమ కళ్లు తెరిచింది.

"అమ్మా, అన్నం మిగిలిందా?"