సాయంత్రం కాపలా

"మళ్లీ నేనేనా అన్నా?" ప్యాడ్లు కట్టుకుంటూ అడిగాడు ఎల్లిస్. అతను ఈ ఏడే కౌంటీ జట్టులో చేరిన బౌలర్. పొద్దువాలాక వికెట్ పడితే, పెద్ద బ్యాట్స్‌మన్ ప్రోసర్‌ను మర్నాటికి దాచి, ఆ పూటకు కాపలాగా ఎల్లిస్‌ను బ్యాటింగ్‌కు పంపుతారు. మొన్నటి బంతి దెబ్బకు అతని పక్కటెముకలు ఇంకా కమిలే ఉన్నాయి.

"బతికొస్తున్నావుగా, అందుకే!" అని నవ్వాడు ప్రోసర్.

ఈసారి మొదటి బంతికే ఔటవ్వాలని ఎల్లిస్ నిశ్చయించుకున్నాడు. అప్పుడైనా తనను వదిలేస్తారు.

వికెట్ పడింది. లేచిన ఎల్లిస్ చెయ్యి పట్టుకున్నాడు ప్రోసర్.

"ఎలాగైనా నిలబడరా. నువ్వు పోతే నేను రావాలి. ఈ మసక వెలుతుర్లో నాకు బంతి కనబడట్లేదు."

"కెప్టెన్‌కు తెలుసా?"

"తెలిస్తే ఇంటికి పంపేస్తాడు."

ఎల్లిస్ హెల్మెట్ పట్టీ గట్టిగా బిగించుకుని మెట్లు దిగాడు.