రెండు సెకన్లు బరువుండదు

"నాకు మోకాలు నొప్పి," అన్నాడు వెంకట్రాజు.

ఏలూరు ఎగ్జిబిషన్లో వంద అడుగుల ఇనప స్తంభం కింద నిలబడి ఆయన చెప్పిన నాలుగో సాకు అది. బీపీ, తిన్న భోజనం, కొత్త చెప్పులు అప్పటికే అయిపోయాయి.

ఆయన భార్య శేషారత్నం తాడేపల్లిగూడెంలో ఫిజిక్స్ లెక్చరర్. భారరహిత స్థితి పాఠం వచ్చిందని పన్నెండు మంది ఇంటర్ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. ఈ స్తంభానికున్న కుర్చీలు మనుషుల్ని పైదాకా మోసుకెళ్లి ఒక్కసారిగా వదిలేస్తాయి. కిందికి పడే ఆ రెండు సెకన్లూ ఒంటికి బరువు తెలియదు. భూమి లాగడం మానదనీ, కుర్చీ కూడా మనతోపాటే పడుతుంది కనక మనల్ని పైకి నెట్టదనీ, అంతరిక్షంలోకి వెళ్లేవాళ్లకు విమానంలో ఇలాగే అలవాటు చేస్తారనీ దారి పొడుగునా చెప్పింది.

"ఏవండీ, పిల్లలు చూస్తున్నారు. ఎక్కండి."

ఎక్కక తప్పలేదు. బెల్టు బిగిస్తున్న కుర్రాడు ఏసుబాబుని ఊపిరి తిప్పుకోనివ్వలేదు ఆయన. బ్రేకులు ఎప్పుడు మార్చారు, రోపు ఎన్నాళ్లది, బోల్టులు ఎవరు బిగిస్తారు.

"కంగారు పడకండి సార్. ఆఫీసరు గారు దగ్గరుండి అన్నీ చూశారండి. ఆయనిచ్చిన కాగితం అదుగో, అక్కడ తగిలించాం."

వెంకట్రాజుకి చెమటలు ఇంకా ఎక్కువయ్యాయి.

శేషారత్నం వెళ్లి, అద్దాల ఫ్రేములో ఉన్న ఆ కాగితాన్ని చివరి అక్షరం దాకా తీరిగ్గా చదివింది. తిరిగొచ్చి, కుర్చీలో కూర్చున్న పెర్సిస్ అనే అమ్మాయి భుజం తట్టింది.

"దిగమ్మా. అందరూ దిగండి. ముందు సారు ఒక్కరే వెళ్లొస్తారు."

కుర్చీలు లేచాయి. పైనుంచి చూస్తే కొల్లేరు వైపు చేపల చెరువులు అద్దాల్లా మెరుస్తాయని పేరు. ఆయన మాత్రం తుప్పు పట్టిన ఒక బోల్టునే చూశాడు. అంతలో కుర్చీ జారింది. ఆంజనేయస్వామి పేరు సగంలోనే ఆగిపోయింది.

కిందికి దిగేసరికి, ఆకివీడు లారీలో ఐసు మీద పడుకోబెట్టిన చేపలా ఉన్నాడు. పెర్సిస్ మంచినీళ్లిచ్చింది.

"ఏవండీ, బరువు తెలిసిందా?" అడిగింది శేషారత్నం.

ఆయన తూలుకుంటూ ఆ ఫ్రేము దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

'యంత్రమును స్వయముగా పరీక్షించితిని' అన్న వాక్యం కింద ఉన్న సంతకం ఆయనదే. యంత్రాన్ని చూడటం మాత్రం ఇవాళే మొదటిసారి.